పిల్లనిచ్చినోళ్లం

మా ఊరు మంగంపేట. ఆ పేరు చెబితే తెలిసినవాళ్లకు ముందు గుర్తొచ్చేది ముగ్గురాయి. చదువుకున్నోళ్లు దాన్నే బెరైటీస్ అంటారు. ఒకేచోట ఇంత పెద్ద బెరైటీస్ నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులని లెక్కగట్టారు. ఆ రాయిని మెత్తగా పొడిచేసి నూనెబావులు తవ్వేచోటికి పంపుతారు. భూమిని తొలిచేటప్పుడు అడుగునుంచి నూనె, గ్యాసు ఎగదన్నకుండా, బోరులో పోసే బురదకు బరువు రావడానికి ఈ పొడి కలుపుతారు. మామూలు రాయికంటే ఇది ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. మా నాయన ఒక పొడిమిల్లులో మూటలెత్తినాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు గూడా తెల్లగా ఉండేవి. మా వాకిట్లో ముగ్గు ఉండదు. ముగ్గురాయి పొడి మాత్రం మా ఒంటినిండా ఉండేది.

మేం దూదేకులోళ్లం. తాతలకాలంలో దూది ఏకే విల్లు భుజానేసుకుని కోడూరు, పుల్లంపేట చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పరుపులు కుట్టినోళ్లం. ఆ పని పోయినాక రాతి పనికొచ్చాం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా జేజికి ఉర్దూలో నాలుగు మాటలు వరసగా రావు. ఊళ్లోవాళ్లకు మేం సాయిబులం. పట్నంలో ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం దూదేకులోళ్లం. సర్కారు కాగితాల్లో బీసీ-బి. ఇంతకీ మనమెవరమని అడిగితే జేజి దగ్గర ఈ మూడూ కాని జవాబొకటి ఉండేది.

"మనం పిల్లనిచ్చినోళ్లంరా" అనేది.

ఎవరికి ఇచ్చామంటే దేవునికడప స్వామికి. కడప పట్నం పక్కనుండే దేవునికడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఉత్తరాన్నుంచి తిరుమలకు నడిచిపోయే యాత్రికులు ముందు ఈ స్వామిని చూసుకుని పోయేవాళ్లని, తిరుమల కొండకు ఇది గడప అని, ఆ గడపే కడప అయిందని చెబుతారు. కృపాచార్యుడు ప్రతిష్ఠ చేశాడని ఇంకో కథ. అన్నమయ్య ఈ కడపరాయుడిమీద కీర్తనలు కట్టాడు. స్వామి వెనక నిలువెత్తు ఆంజనేయుడుంటాడు. మాఘమాసంలో రథసప్తమినాడు తేరు లాగుతారు. ఇవన్నీ ఊరందరికీ తెలిసిన సంగతులు. మా సంగతి వేరు. వేంకటేశ్వరుడు బీబీ నాంచారమ్మను పెళ్లాడినాడు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ. కాబట్టి ఆయన మాకు అల్లుడు. ఉగాదినాడు అల్లుణ్ణి చూసిరావాలి. లెక్క ఇంతే.

ఉగాదికి ముందురోజే మా ఇంట్లో నీసు బంద్. నాయన తెల్లారుజామున తలకు పోసుకుని, కనురెప్పల్లోని పొడి వేలితో తీసుకుంటూ కూర్చునేవాడు. జేజి గుడ్డసంచిలో సామాను సర్దేది. కొత్తబియ్యం, బెల్లం, కందిపప్పు, గింజ తీసిన కొత్త చింతపండు, రెండు టెంకాయలు, పూలు, తమలపాకుల్లో చుట్టిన దక్షిణ. అల్లుడింటికి ఒట్టి చేతుల్తో పోకూడదనేది ఆమె మాట. మూటలు తలమీద పెట్టుకుని ఓబులవారిపల్లె స్టేషనుకు పోయి ప్యాసింజరు ఎక్కేవాళ్లం.

ఆ రైలుదారి పొడుగునా గుళ్లే. రాజంపేట వస్తే జేజి చేయి చాపి, అదిగో ఆ పక్కనే తాళ్లపాక, అన్నమయ్య ఊరు అనేది. నందలూరులో చెయ్యేటి ఒడ్డున సౌమ్యనాథుడు. ఆ తర్వాత ఒంటిమిట్ట కోదండరాముడు. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు. పక్కన హనుమంతుడుండడు. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకు పోయినాక, 2015 నుంచి ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలు ఇక్కడే జరిపిస్తోంది. సీతారాముల కల్యాణం ఇక్కడ రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది.

ఒంటిమిట్ట గోపురం కిటికీలోంచి కనిపించగానే జేజి మాకు చెప్పేది రాముడి కథ కాదు, ఇమాంబేగ్ కథ. కడప నవాబుల కాలంలో ఇమాంబేగ్ అని ఒక అధికారి ఉండినాడు. గుడి దగ్గరికొచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగినాడంట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు రామా అని పిలిస్తే లోపల్నుంచి మూడుసార్లు ఓ అని వినిపించిందంట. ఆయన గుడి అవసరాలకు బావి తవ్వించినాడు. ఇమాంబేగ్ బావి అని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

"మరి ఆయన హిందువులో కలిసిపోయినాడా జేజీ?" అని చిన్నప్పుడు అడిగినాం.

"ఎందుకు కలుస్తాడు? పలికినాడు కాబట్టి నీళ్లిచ్చినాడు. పేరు మార్చుకోలేదు గదా. ఇమాంబేగ్ అనేగా అంటాండారు" అనింది.

ఆ మాట అప్పుడు నవ్వులాటగా విన్నాం. దాని బరువు తెలియడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

కడపలో దిగి దేవునికడప చేరేసరికి వరస బజారుదాకా ఉండేది. చీరలు, బురఖాలు, టోపీలు, పట్టుపంచెలు అన్నీ ఒకే వరసలో. ప్రొద్దుటూరు వైపు నుంచి, రాయచోటి వైపు నుంచి మావాళ్లు మూటలతో వచ్చేవాళ్లు. ఎవరి మూట ఎంత బరువుందో ఆడవాళ్లు ఓరకంట చూసుకునేవాళ్లు, పెళ్లిళ్లలో చూసుకున్నట్టే. టెంకాయ కొట్టించి, తీర్థం పుచ్చుకుని, శఠారి పెట్టించుకుని, తెచ్చిన సామాను అప్పజెప్పి బయటికొచ్చి కూర్చుంటే ఆ పూటకు పని అయిపోయినట్టు. ఒకసారి మా ముందు నిలబడినాయనకు అర్చన చేస్తూ పూజారి గోత్రం అడిగినాడు. మా వంతు రాగానే మేం అడక్కుండానే జేజి అందుకుంది.

"మాది పిల్లనిచ్చిన గోత్రం సామీ."

పూజారి గట్టిగా నవ్వి, మా అందరి పేర్లూ ఒక్కొక్కటే అడిగి చదివినాడు. హుసేను, మస్తాను, దస్తగిరి అనే పేర్లు ఆ సంస్కృతం మధ్యలో వినబడుతుంటే మేం ఒకరి మొగం ఒకరం చూసుకుని నవ్వు ఆపుకున్నాం. మా పేర్లు అంతకుముందు అంత గౌరవంగా ఎవరూ పలకలేదు. బడిలో హాజరు పిలిచేటప్పుడు గూడా.

ఇక బీబీ నాంచారమ్మ కథ. జేజి చెప్పే కథలో ఢిల్లీ పాదుషా సైన్యం దక్షిణాదికొచ్చి గుళ్లు దోచుకుని ఒక స్వామి విగ్రహాన్ని గూడా ఎత్తుకుపోతుంది. పాదుషా కూతురు ఆ విగ్రహాన్ని బొమ్మనుకుని ఆడుకుంటూ ఆడుకుంటూ మనసిచ్చేస్తుంది. గుడివాళ్లు వచ్చి విగ్రహాన్ని వెనక్కి తీసుకుపోతే, అది విడిచి ఉండలేక ఆ పిల్ల వెంబడే నడిచొస్తుంది. స్వామి పాదాల దగ్గరే ప్రాణం విడుస్తుంది.

చదువుకున్నాక మేం ఈ కథ ఎక్కడెక్కడుందో వెతికాం. శ్రీరంగంలో ఉంది. అక్కడ ఆమె తులుక్క నాచ్చియార్. కర్ణాటకలోని మేల్కోటెలో ఉంది. అక్కడ రామానుజుడు ఢిల్లీకి పోయి విగ్రహం తెచ్చినట్టు చెబుతారు. సంవత్సరాలు సరిచూస్తే ఈ కథలు నిలబడవు. రామానుజుడు 1137లో పోయాడని సంప్రదాయం చెబుతుంది. ఢిల్లీలో సుల్తానుల పాలన మొదలైంది 1206లో. మాలిక్ కాఫర్ దక్షిణాదిమీద పడింది 1310-11లో. పాదుషా కూతురు నడిచొచ్చిందనడానికి చరిత్రలో సాక్ష్యం లేదు. అయితే ఏం? దండు వచ్చిందనేది నిజం. గుళ్లు దోచిందనేది నిజం. ఆ గాయం తర్వాత ఈ నేలమీది మనుషులు ఏం కథ చెప్పుకున్నారనేది గూడా నిజమే. పగ కథ చెప్పుకుని ఉండొచ్చు. పెళ్లి కథ చెప్పుకున్నారు. దోచుకుపోయిన ఇంటి పిల్లే వెతుక్కుంటూ వచ్చిందని, ఆమెను గడప లోపలికి రానిచ్చామని చెప్పుకున్నారు.

శ్రీరంగంలో ఇంకో సంగతి మమ్మల్ని ఆపేసింది. అక్కడ ఆమెకు విగ్రహం లేదు. గోడమీద చిత్రం ఉంది. తురకపిల్ల గనుక విగ్రహం చెయ్యలేదని చెబుతారు. ఆమె అలవాటు ప్రకారం రొట్టె, వెన్న నైవేద్యం పెడతారు. స్వామికి ఆమె కోసం లుంగీ కడతారు. అంటే కథలో గూడా ఆమెను మార్చలేదు. పేరు మార్చలేదు, తిండి మార్చలేదు, ఆమె నమ్మకం ఒప్పుకోని విగ్రహాన్ని ఆమెమీద రుద్దలేదు. దేవుడే ఆమె బట్ట కట్టుకున్నాడు. పాదాల దగ్గర చచ్చిపోతే తప్ప ఆ పిల్లకు లోపల చోటు దొరకలేదా అని మా ఇంటి ఆడపిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైందే. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ రొట్టె మాత్రం మేం మరిచిపోలేం.

ఆ శ్రీరంగంలోనే ప్రకాశం జిల్లా కరవది నుంచి పోయిన షేక్ చినమౌలానా స్థిరపడినాడు. 1924లో పుట్టి 1999లో పోయిన నాదస్వర విద్వాంసుడు. రంగనాథుడి సన్నిధిలో వాయించిన మనిషి. 1977లో పద్మశ్రీ ఇచ్చారు. తిరుమలలో మంగళవారం పూట జరిగే అష్టదళ పాదపద్మారాధనకు వాడే 108 బంగారు పద్మాలు 1984లో గుంటూరు ముస్లిం భక్తుడొకాయన ఇచ్చుకున్నవే. మావాళ్ల ఊపిరి, మావాళ్ల బంగారం ఆ గుళ్లల్లో కలిసి ఉన్నాయి. దానికి మేం పొంగిపోవడం లేదు. గుర్తుచేస్తున్నాం, అంతే.

ఎందుకు గుర్తుచెయ్యాల్సి వచ్చిందో చెప్పాలి.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు పడగొట్టారు. ఆ చలికాలమంతా మా నాయన మిల్లుకు తల వంచుకుని పోయొచ్చినాడు. టీ అంగడి దగ్గర మాటలు ఆయన రాగానే ఆగిపోయేవి. అంతవరకు 'ఏం సాయిబూ' అనే పిలుపులో ఉండిన నవ్వు సన్నగిల్లింది. 1993 ఉగాది వచ్చింది. ఈసారి పోవద్దనుకున్నాం. నాయన గూడా నోరు తెరవలేదు. జేజి మాత్రం చింతపండు గింజలు తీస్తా కూర్చునింది.

"ఇంత జరిగినాక గూడానా జేజీ?"

"పడగొట్టింది మనుషులురా. నా అల్లుడేం చేసినాడు?"

ఆ ఏడు మేం పోయొచ్చాం. వరసలో మావాళ్లు ఎప్పుడూ ఉన్నంతమంది లేరు. వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకోలేదు. అయినా మూటలు తెచ్చారు. పూజారి మా పేర్లు ఎప్పటిలాగే అడిగినాడు. ఆ రోజు జేజి చేసిన పని ధైర్యమా, అమాయకమా అని మేం చాలాసార్లు వాదించుకున్నాం. ఇప్పుడనిపిస్తుంది, అది హక్కు అని. చుట్టరికం తెంచేది మీరైతే తెంచుకోండి, మేం తెంచం అని చెప్పడానికి ఆమెకు తెలిసిన దారి రెండు టెంకాయలు పట్టుకుని రైలెక్కడమే.

ప్రతి ఉగాది మర్నాడు పేపర్లో ఒక ఫోటో వస్తుంది. బురఖాలో ఉన్న ఆడవాళ్లు చేతిలో టెంకాయలతో గుడిముందు నిలబడిన ఫోటో. కింద 'మత సామరస్యానికి ప్రతీక' అని ఉంటుంది. మా జేజి అన్నేళ్లు పోయినా ఒక్కసారీ ఆ ఫోటోలో పడలేదు. ఆమె కట్టింది చీర. నుదుట బొట్టు లేదనే సంగతి దగ్గరికొచ్చి చూస్తే గానీ తెలియదు. ఫోటో తీసేవాళ్లకు ఆమె ముస్లింలా కనబడలేదు. ఆమెకు దానిమీద చింత లేదు. సామరస్యం అనే మాట ఆమెకు తెలియదు. చుట్టరికం అనే మాటే తెలుసు. సామరస్యం పేపర్లో ఒకరోజు ఉంటే చాలు. చుట్టరికానికి మాత్రం ఏడాది పొడుగునా మర్యాద ఉండాలి.

ఆ మర్యాద ఎట్లా ఉందో చూడండి. శ్రీశైలం గుడి దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదని 2015లో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. అక్కడ తరాలుగా గాజులో, బొమ్మలో అమ్ముకుని బతికేవాళ్లకు పిల్లలు పెరిగారు, అప్పులు పెరిగాయి. మల్లన్నకు మాత్రం వాళ్లు అప్పటికప్పుడు పరాయివాళ్లయిపోయారు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. మతం కారణంగా ఎవరినీ దుకాణాల వేలంనుంచి తప్పించొద్దని 2021 డిసెంబరులో ఆ కోర్టు చెప్పింది. కోర్టు చెప్పాల్సి వచ్చిందనేదే మా బాధ. తిరుమలలో హిందువులు కానివాళ్లు దర్శనానికి ముందు స్వామిమీద నమ్మకముందని సంతకం పెట్టి కాగితమివ్వాలి. నియమం నియమమే కావచ్చు, దానిమీద మేం పోట్లాటకు పోవడం లేదు. ఒక్కటే అడుగుతాం. అల్లుడిమీద నమ్మకముందని అత్త కాగితం రాసిస్తుందా?

ఇదంతా చెప్పి మా ఇంటి సంగతి దాచిపెడితే అది న్యాయం కాదు.

మా తమ్ముడు కువైట్‌లో ఉంటాడు. కోడూరు, రాజంపేట పక్కల ఏ పల్లెలో అడిగినా ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. మా ఊరి ముగ్గురాయి పొడి గల్ఫ్ నూనెబావులకు పోయింది. దాని వెనకే మా పిల్లోళ్లూ పోయారు. తమ్ముడు మూడేళ్లకొకసారి సెలవుమీద వస్తాడు. పోయిన కొత్తలో ఖర్జూరాలు, అత్తరు తెచ్చేవాడు. తర్వాత తర్వాత మాటలు గూడా తెచ్చినాడు. ఉగాదికి గుడికి పోవడం షిర్క్ అన్నాడు. అల్లాకు సాటి కల్పించడం అన్నాడు. మేం దూదేకులోళ్లం గాబట్టే మనకు దీన్ సరిగా తెలియకుండా పోయిందన్నాడు. పట్నంలోని సాయిబులు మమ్మల్ని తక్కువగా చూసేదానికి కారణం ఇదేనన్నాడు.

వాడి మాటలో ఒక నొప్పి ఉంది. అది మాకు తెలియనిది కాదు. ఉర్దూ రాక, నమాజు వరసలో వెనక నిలబడి, పెళ్లి సంబంధాల దగ్గర 'వాళ్లు దూదేకులోళ్లు' అనిపించుకుని పెరిగినోడు. అక్కడ పదిదేశాల ముస్లింల పక్కన భుజం కలిపి నిలబడితే మొదటిసారి వాడు పూర్తి ముస్లిం అయినాడు. ఆ పూర్తితనం పోగొట్టుకోవడం వాడికి ఇష్టం లేదు. దాన్ని మేం ఎట్లా తప్పుపడతాం? కాని వాడు పూర్తి కావాలంటే మా జేజి సగం మనిషి అయిపోవాలా? ఐదుపూటలా నమాజు చేసింది, ముప్ఫై రోజాలు ఉండింది, ఉగాదినాడు అల్లుణ్ణి చూసొచ్చింది. ఆమె లెక్కలో దేవుడొక్కడే. చుట్టాలు మాత్రం చాలామంది.

అవతలి గట్టున గూడా ఇదే గొడవ. కడప పెద్దదర్గాకు ముస్లింల కంటే తక్కువేం రారు హిందువులు. 2024 నవంబరులో నటుడు రామ్‌చరణ్ అయ్యప్ప మాలతో ఆ దర్గాకు వస్తే, మాలేసుకుని దర్గాకెట్లా పోతాడని దుమారం లేచింది. శబరిమల దారిలో ఎరుమేలిలో వావర్ మసీదుకు మొక్కి పోవడం అయ్యప్ప భక్తులకు మామూలే అనేది దుమారం లేపినవాళ్లకు గుర్తు రాలేదో, గుర్తున్నా పట్టించుకోలేదో. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరును ఎత్తుకునే చేతులు ఏ మతంవో విడదీయాలంటే ముందు ఆ జనాన్ని విడదీయాలి. విడదీసే పని చాలాచోట్ల మొదలైంది కూడా.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. అది రంజాన్ నెల చివరి రోజా. జేజి పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడు సంచి సర్దేది మా అమ్మ. అమ్మ ఆ రోజు రోజా ఉంది. తెల్లారకముందే సహరీ చేసి, ఫజర్ చదువుకుని, మూట ఎత్తుకుంది. పెళ్లయినప్పట్నుంచి బురఖా వేసుకునే మా ఇంటి చిన్నది గూడా వస్తానంది. ఆ ముందురోజే తమ్ముడు కువైట్ నుంచి ఫోన్ చేసి, దాన్నయినా తీసుకుపోవద్దని చెప్పినాడు. వాడన్న మాట ఇది:

"అక్కడికి పోయేటట్టయితే ఆ బురఖా ఎందుకంట?"

మర్నాడు పొద్దున వరసలో నిలబడ్డాం. ఎండ ముదిరింది. మా వెనక నిలబడినాయన, ఏ ఊరో తెలియదు, యాభై ఏళ్లుంటాయి, చాలాసేపు మమ్మల్ని చూసి చూసి చివరికి నోరు తెరిచినాడు.

"ఇక్కడికి వచ్చేటట్టయితే ఆ బురఖా ఎందుకమ్మా?"

మేం ఒకరినొకరం చూసుకున్నాం. రెండు దేశాల నుంచి, రెండు మతాల నుంచి, ఒకే ప్రశ్న. ఒకరికి మా టెంకాయ అడ్డం. ఒకరికి మా ముసుగు అడ్డం. రెండూ ఒకే చేతిలో ఒకే ఒంటిమీద ఉంటే ఇద్దరికీ ఓపిక లేదు. మా చిన్నదాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది వెనక్కి పోదామంది. అమ్మ మాత్రం ఆయన వైపు తిరిగి నిమ్మళంగా చెప్పింది.

"అల్లుడి ముందుకు అత్తగారు తలమీద కొంగు లేకుండా పోతుందా నాయనా? మా బిడ్డ కొంగు కాస్త పెద్దది, అంతే."

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. కాసేపటికి, "మాది గూడా ఈ జిల్లానేలే తల్లీ, ఊరికే అడిగినా" అన్నాడు. ఊరికే అడిగాడో కాదో మాకు తెలియదు. లోపలికి పోయినాక తీర్థం ఇచ్చేచోట అమ్మ చేయి చాపలేదు. రోజాలో ఉన్నా సామీ అని చెప్పి, కొంగు చివరనుంచి మందుసీసా లాంటి చిన్న సీసా తీసింది. పూజారి ఏమీ అడక్కుండా అందులో పోసినాడు. ప్రసాదం ఆకులో చుట్టిచ్చినాడు. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. వాసనకు గూడా ముక్కు తిప్పుకుంది, రోజా కదా.

సాయంత్రం తిరుగురైల్లో పొద్దు గూకింది. ఫోన్లో మగ్రిబ్ వేళ చూసుకుని అమ్మ ముందు ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంది. నీళ్లు తాగింది. ఆ తర్వాత కొంగు ముడి విప్పి పులిహోర ముద్ద తిని, సీసాలో తీర్థం తాగింది. ఎదురు సీట్లో కూర్చున్న ఆడమనిషి ఇదంతా చూసి, మీరెవరని అడగబోయి, ఎందుకో మానుకుని తన దగ్గరున్న అరటిపండు ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తా పోయాం. నెల కనబడిందని రైల్లోనే ఎవరికో ఫోన్ వచ్చింది. రేపు పండగ.

అంతలో తమ్ముడి ఫోన్. కువైట్‌లో ఆ రోజే ఈద్. మాకు ఉగాది అయిన రోజు వాడికి రంజాన్ పండగ. ఈద్ ముబారక్ అన్నాడు. మాకు రేపు నాయనా, ఈ పొద్దు ఉగాది అనింది అమ్మ. అవతల కాసేపు మాట లేదు.

"పోయొచ్చినారా?"

"పోయొచ్చినాం."

"రైల్లో సీటు దొరికిందా?"

"దొరికింది."

అంతకంటే వాడు ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడని మేం చెప్పం. వాడి నమ్మకం వాడిది. కాని అమ్మ నిలబడి రావాల్సి వచ్చిందేమోనని వాడికి దిగులుంది. ఆ దిగులు ఉన్నంతవరకు మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది. వరసలో మా వెనక నిలబడిన ఆయనతో గూడా అంతే. ఊరికే అడిగినా అని ఒక మాట వెనక్కి తీసుకున్నాడు చూడండి, అంతమాత్రం చోటు ఉంటే చాలు మాకు, మాట్లాడతాం.

మేం కడప జిల్లాలో పుట్టి పెరిగాం. 2022లో అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి పోయింది. సర్కారు గీతలు గీస్తూ చెరుపుతూ ఉంటుంది. దేవునికడపకు మా దారి మాత్రం మారలేదు. ఓబులవారిపల్లెలో ఎక్కి కడపలో దిగాలి. దారిలో ఇమాంబేగ్ బావి పిల్లలకు చూపించాలి. ఆయన నీళ్లిచ్చినాడు గాని పేరు మార్చుకోలేదని చెప్పాలి.

మమ్మల్ని ఉగాదినాడు చూసి మెచ్చుకునేవాళ్లకు మేం చెప్పేది ఒక్కటే. మెప్పు మాకు అక్కర్లేదు. చుట్టాన్ని మెచ్చుకోరు, కూర్చోబెడతారు. దుకాణం వేలంలో, అద్దె ఇల్లు అడిగినప్పుడు, టీ అంగడి బల్లమీద, ఏడాదిలో తక్కిన రోజులన్నిటా మాకు చోటు కావాలి. మా రొట్టెతో, మా పేర్లతో, మా ముసుగుతో, మా తెలుగుతో. పిల్లనిచ్చినోళ్లం. మర్యాద అడుగుతున్నాం.